ముందే కొన్న గంటలు

కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చిన ఇంట్లో మొదట కాలేజీ పేరు గురించి మాట్లాడుకుంటారు, తర్వాత ఫీజు గురించి. ఆ నాలుగేళ్లలో పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని సొంతంగా ఎన్ని గంటలు పనిచేయబోతున్నారన్న మాట మాత్రం చాలా ఇళ్లలో రాదు. ఈ అధ్యాయం ఆ గంటల గురించే. ఎల్బీనగర్ నుంచి విజయవాడ హైవే పట్టుకుని హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటితే అబ్దుల్లాపూర్‌మెట్, బాటసింగారం వస్తాయి. ఆ చుట్టుపక్కలే పిగ్లీపూర్‌లో అన్నమాచార్య, గుంతపల్లిలో అవంతి వంటి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఇబ్రహీంపట్నం వైపు తిరిగితే ఇంకా చాలా ఉన్నాయి. ఇలాంటి చోట సీఎస్ఈలో చేరినవారికి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మీ చదువు ఎటు పోతుందో తేల్చేది కాలేజీ గేటు మీది పేరు కాదు, డిగ్రీ అయ్యాక చేరబోయే కోచింగూ కాదు. టైంటేబుల్‌లో ‘ల్యాబ్’ అని రాసి ఉన్న గంటలే తేలుస్తాయి. వాటికి మీ ఇంటివాళ్లో ప్రభుత్వమో ముందే డబ్బు కట్టేశారు. వాడుకోవడమే మిగిలింది.

ఈ సీట్లు మన దాకా ఎలా వచ్చాయో కొంచెం తెలుసుకుంటే ఈ మాట ఎందుకు అంటున్నానో అర్థమవుతుంది. హైదరాబాద్‌లో తొలినాటి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో గండిపేట దగ్గర సీబీఐటీ 1979లో, ఎల్బీనగర్‌కు దగ్గర్లోని నాదర్‌గుల్‌లో ఎంవీఎస్ఆర్ 1981లో మొదలయ్యాయి. అప్పట్లో అవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ప్రతి మండలానికీ తెలిసిన ఆశ అయింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం వచ్చాక, అంతవరకు ఇంజనీరింగ్ వైపు చూడలేని కుటుంబాల పిల్లలు కూడా చేరారు. అది నిజంగా గొప్ప మార్పు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. అయితే ఆ ఊపులో కాలేజీలు వందల్లో పుట్టాయి, తర్వాత చాలా మూతపడ్డాయి, మిగిలినవి సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని సీఎస్ఈ, ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ సీట్లు పెంచుకున్నాయి. 2024–25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఒక్కో బ్రాంచికి ఉన్న సీట్ల పరిమితి కూడా ఎత్తేసింది. ఈ నలభై అయిదేళ్ల కథలో సీట్లెన్ని, ఫీజెంత, ప్లేస్‌మెంట్లెన్ని అని అందరూ లెక్కపెట్టారు. ఒక విద్యార్థి సొంతంగా ప్రోగ్రామ్ రాస్తూ గడిపిన సమయాన్ని లెక్కపెట్టే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు.

ప్రైవేటు కాలేజీలో సరైన చదువు ఉండదని అనేవారు సాధారణంగా సిలబస్‌ను తిడతారు. ఆ కోపం గురి తప్పింది. జేఎన్టీయూ హైదరాబాద్‌కు అనుబంధంగా ఉన్న కాలేజీ ఏ మూలనున్నా యూనివర్సిటీ ఇచ్చిన సిలబస్‌నే చెబుతుంది. అటానమస్ హోదా ఉన్నవి సొంత సిలబస్ రాసుకున్నా అది యూనివర్సిటీ నమూనాకు ఎంతో దూరం పోదు. అందులో సి ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, ఆల్గారిథమ్స్, నెట్‌వర్క్స్, ఆటోమాటా థియరీ, కంపైలర్ డిజైన్ ఉంటాయి. ఈ పేర్లు పక్కన పెట్టుకుని గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్ చూడండి. దాదాపు అవే కనిపిస్తాయి. ఐఐటీలో ఎంటెక్ సీటుకు పెట్టే పరీక్షా, బాటసింగారంలో రెండో ఏడాది చదివే పాఠమూ ఒకే విషయం మీద నడుస్తున్నాయి. పాఠం నచ్చకపోతే ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్ నవీన్ గార్గ్ చెప్పిన డేటా స్ట్రక్చర్స్ క్లాసులు ఎన్పీటెల్‌లో ఏళ్ల తరబడి ఉచితంగా ఉన్నాయి. కొరత పాఠానిదే అయితే అది ఈపాటికి తీరిపోయి ఉండాలి. తీరలేదు. కారణం మరోచోట వెతకాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక సెమిస్టర్‌లో కంప్యూటర్ మీద చేసే ల్యాబులు రెండు ఉన్నాయనుకోండి, ఒక్కోటి వారానికి మూడు గంటలు. సెలవులు, మిడ్ పరీక్షలు పోగా పద్నాలుగు వారాలు దక్కితే 84 గంటలు. ఆరు సెమిస్టర్లకు 504 గంటలు. ల్యాబ్‌కు రెండు గంటలే ఇచ్చే చోట 336. ఇది చిన్న మొత్తం కాదు. ఒక భాష మీద చేయి తిరగడానికి, నాలుగైదు మూల విషయాలు ఒంటబట్టడానికి చాలు. ఈ గంటలు ఎలా కరిగిపోతాయో రాష్ట్రంలో ఏ కాలేజీ విద్యార్థిని అడిగినా చెబుతారు. ప్రోగ్రామ్ సీనియర్ల రికార్డులో ఉంటుంది, లేదా వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్‌గా వస్తుంది. అబ్జర్వేషన్‌లో ఎక్కించి, టైప్ చేసి, అవుట్‌పుట్ చూపించి, సంతకం పెట్టించుకుంటారు. ఇంటికెళ్లాక అదే రికార్డులో నీటుగా తిరిగి రాస్తారు. చేతిరాతకు రెండు గంటలు పడితే ఆలోచనకు రెండు నిమిషాలు పట్టదు. దీన్ని సోమరితనం అనడం అన్యాయం. పిల్లలు తెలివిగానే లెక్క వేసుకుంటున్నారు. మార్కులు రికార్డు పూర్తయినందుకు వస్తాయి, వైవాలో అడిగేవి పది ప్రశ్నలే, థియరీ పేపర్ ‘ఇంపార్టెంట్ క్వశ్చన్స్’తో గట్టెక్కుతుంది. పరీక్ష ఏది అడిగితే మనిషి అదే చదువుతాడు. ఈ పద్ధతిని ఒక విద్యార్థి మార్చలేడు, నిజమే. కానీ అందులోనే తన గంటలను తాను వెనక్కి తీసుకోగలడు.

అలా తీసుకోకపోతే ఏమవుతుందో దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట వీధుల్లో కనిపిస్తుంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు పక్క సందుల్లో కోర్ జావా, ఫుల్ స్టాక్, పైథాన్, టెస్టింగ్ అని ఫ్లెక్సీలుంటాయి. నాకు ఆ ఇన్‌స్టిట్యూట్ల మీద చిన్నచూపు లేదు. అక్కడ గొప్పగా చెప్పే గురువులున్నారు, అక్కడ నేర్చుకుని నిలదొక్కుకున్న వేలమంది ఉన్నారు. అయితే ఆ మూడు నాలుగు నెలల కోర్సులో చెప్పేదేమిటో చూడండి. లూపులు, ఫంక్షన్లు, క్లాసులు, ఎస్‌క్యూఎల్‌లో జాయిన్‌లు, ఒక చిన్న వెబ్ అప్లికేషన్. సగానికి పైగా మొదటి రెండేళ్ల ల్యాబ్‌లలో ఉన్నదే. ఒకే గంటకు రెండోసారి డబ్బు కట్టడమంటే ఇదే. పైగా ఈసారి హాస్టల్ అద్దె, మెస్ బిల్లు అదనం. డిగ్రీ చేతికొచ్చి సంపాదన లేని నెలల ఒత్తిడి మరీ అదనం. కొత్త ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవడానికి కోచింగ్‌కు వెళ్తే అర్థముంది. ఫర్ లూప్ కోసం వెళ్లాల్సి వస్తే నాలుగేళ్లు ఎవరికో రాసిచ్చేసినట్టే.

గంటలను వెనక్కి తీసుకోవడం ఎలాగో ఒక ల్యాబ్ ప్రోగ్రామ్‌తోనే చూద్దాం. రెండో ఏడాదిలో వచ్చే లింక్డ్ లిస్టు తీసుకోండి. ల్యాబ్‌కు ముందురోజు రికార్డు తెరవకుండా, తెల్ల కాగితం మీద నాలుగు గళ్లు, వాటి మధ్య బాణాలు గీయండి. మధ్య గడి తీసేస్తే ఏ బాణం ఎటు తిరగాలో గీసి చూసుకోండి. తర్వాత మొదటి గడి తీసేసి చూడండి. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. ఫంక్షన్‌కు హెడ్ పాయింటర్‌ను పంపి లోపల దాన్ని మార్చినా, బయట మెయిన్‌లో ఉన్న హెడ్ మారదు, ఎందుకంటే సి భాష ఆ పాయింటర్ నకలునే లోపలికి పంపింది. కొత్త హెడ్‌ను తిరిగి ఇవ్వాలి, లేదా పాయింటర్‌కు పాయింటర్‌ను పంపాలి. ‘కాల్ బై వేల్యూ’ గురించి మిడ్ పరీక్షలో అయిదు మార్కులకు రాసిన జవాబు అర్థమయ్యేది ఈ తప్పు చేసిన రోజునే. ఇంకో అడుగు వేయండి. నోడ్‌ను, అంటే ఒక గడిని, ఫ్రీ చేసేశాక దాని నెక్స్ట్ చదివారనుకోండి, ఒక్కోసారి ప్రోగ్రామ్ సరిగ్గానే నడుస్తుంది. ల్యాబ్‌లో అవుట్‌పుట్ వచ్చింది కాబట్టి సంతకం పడిపోతుంది. అదే ప్రోగ్రామ్‌ను లినక్స్ మీద వాల్‌గ్రైండ్ అనే టూల్‌తో నడిపితే తప్పు ఏ లైనులో ఉందో బయటపడుతుంది. సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చినప్పుడు పక్కవాడి కోడ్ కాపీ చేయకుండా, జీడీబీ డీబగ్గర్‌లో ఒక్కో లైను నడిపి చూసే అరగంట నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఉద్యోగంలో రోజూ చేసే పని అదే కాబట్టి.

డీబీఎంఎస్ ల్యాబ్‌కు ఇంకా మంచి అవకాశం మీ పక్కనే ఉంది. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021–22లో అక్కడి నుంచి తీసి బాటసింగారం లాజిస్టిక్స్ పార్కుకు మార్చారు. ల్యాబ్ మాన్యువల్‌లో ఉద్యోగి, డిపార్టుమెంటు టేబుళ్లతో ఎలాగూ చేస్తారు. దాని పక్కన పండ్ల మార్కెట్‌కు ఒక డేటాబేస్ గీసి చూడండి. ఒక రైతు బత్తాయి లోడు తెస్తాడు. కమీషన్ ఏజెంటు దాన్ని లాట్లుగా విడదీసి ఇద్దరు ముగ్గురికి వేర్వేరు ధరలకు అమ్ముతాడు. బరువు, ధర, హమాలీ ఖర్చులు లెక్కకట్టి రైతుకు తక్‌పట్టీ అనే చీటీ ఇస్తారు. ఇదంతా ఒకే టేబుల్‌లో పెడితే రైతు పేరు, ఫోన్ నంబర్ ప్రతి లాట్‌కూ మళ్లీ మళ్లీ వస్తాయి. నంబర్ మారితే అన్ని వరుసల్లో మార్చాలి, ఒక్కటి మరిచిపోతే ఒకే రైతుకు రెండు నంబర్లు. నార్మలైజేషన్ ఎందుకో అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకే లాట్‌ను ఒకే క్షణంలో ఇద్దరు గుమాస్తాలు ఇద్దరికి అమ్మినట్టు ఎక్కిస్తే ఏమవుతుందన్నది ట్రాన్సాక్షన్ల పాఠం. మూడు సీజన్ల మామిడి ధరల సగటు అడిగినప్పుడు జవాబు ఆలస్యమైతే అది ఇండెక్స్ పాఠం. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ రెండూ ఉచితం. ఒక సెలవు రోజు ఉదయం మార్కెట్‌కు వెళ్లి లెక్కలు ఎలా రాస్తున్నారో చూసి, అడిగి తెలుసుకుని ఇలాంటిది కడితే అది మీ మినీ ప్రాజెక్టు అవుతుంది. ఇంటర్వ్యూలో దాని మీద ఎన్ని ప్రశ్నలు అడిగినా తడబడరు.

ప్రాజెక్టు మాట వచ్చింది కాబట్టి రెడీమేడ్ ప్రాజెక్టుల సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. ఆఖరి ఏడాదిలో నలుగురు కలిసి డబ్బు వేసుకుని, కోడ్, డాక్యుమెంటేషన్, ప్రజెంటేషన్ అన్నీ కొనుక్కొచ్చే అలవాటు నగరంలో పాతుకుపోయింది. అది తప్పన్నది ఒక సంగతి. అది నష్టం కూడా. ఫ్రెషర్‌కు అనుభవం ఉండదు, పాత ఉద్యోగం ఉండదు, ఇంటర్వ్యూ చేసేవారు అడగడానికి ఉన్నది ప్రాజెక్టు ఒక్కటే. కాబట్టి ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి. ఈ మాడ్యూల్ ఎవరు రాశారు, ఈ ఆల్గారిథమ్ ఎందుకు ఎంచుకున్నారు, డేటా పదింతలైతే ఏం మారుస్తారు అని అడుగుతారు. పేరులో డీప్ లెర్నింగ్ ఉన్నా, కొన్న ప్రాజెక్టు రెండో ప్రశ్నకే చేతులెత్తేస్తుంది.

ల్యాబ్ గంటలే తేలుస్తాయన్న మాటకు వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. కంపెనీలు కాలేజీ పేరు చూస్తాయి, మా దగ్గరికి పెద్దవి రావు, ఎంత నేర్చుకుని ఏం లాభం అంటారు. ఇందులో నిజముంది. దాన్ని కప్పిపుచ్చడానికి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివి మణిపాల్‌లోని ప్రైవేటు కాలేజీ నుంచి ఇంజనీరింగ్ చేసిన సత్య నాదెళ్ల పేరు ఎత్తడం నాకిష్టం లేదు. లక్షల్లో ఒక్కరి కథ మిగతావారికి ఆధారం కాదు. ఆధారం వేరే ఉంది. టీసీఎస్ నిర్వహించే నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్, కోడ్‌వీటా పోటీ లాంటివి కాలేజీ పేరు చూడకుండా విద్యార్థులను రాయనిస్తాయి. గేట్ కూడా అంతే. వీటిలో చూసేది మీకు ఏం వచ్చో, ఎక్కడ చదివారో కాదు. కాలేజీ పేరు మొదటి తలుపు దగ్గర అడ్డుపడుతుంది, రెండో తలుపు నుంచి ప్రోగ్రామే మాట్లాడాలి. పేరున్న కాలేజీ వాళ్లకు ఒకటి రెండు పొరపాట్లు చెల్లుతాయి, మీకు చెల్లవు, కాబట్టి ఆ గంటల అవసరం మీకే ఎక్కువ. అలాగని మార్కులు వదిలేయమనడం లేదు. చాలా కంపెనీలు అరవై శాతం, బ్యాక్‌లాగులు లేకపోవడం అన్న గీత పెడతాయి. దాని కింద ఉన్న బయోడేటా ఎవరి కంటా పడదు. ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చదువుకోండి, పాస్ అవ్వండి, 75 శాతం హాజరు కాపాడుకోండి. మార్కుల్లో డెబ్బయ్యైదు శాతాన్ని ఎనభై అయిదు చేయడానికి పెట్టే సమయాన్ని మాత్రం ల్యాబ్‌కు మళ్లించండి.

రెండో అభ్యంతరం కొత్తది. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక, లింక్డ్ లిస్టు ప్రోగ్రామ్‌ను యంత్రం క్షణంలో రాస్తుంటే మేమెందుకు కుస్తీ పట్టాలి అంటారు. ఆ తర్వాతి రెండేళ్లలో ఐటీ సేవల కంపెనీలు ఫ్రెషర్ల నియామకాలు తగ్గించాయి, ఆఫర్ లెటర్లు ఇచ్చి నెలల తరబడి చేర్చుకోని సందర్భాలూ ఉన్నాయి. ఈ భయం ఉత్తది కాదు. కానీ దాని నుంచి తీసే ముగింపే తిరగబడింది. యంత్రం రాసిన కోడ్ చూడటానికి ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. అందులో పైన చెప్పిన ఫ్రీ అయిన నోడ్‌ను చదివే తప్పు ఉందో లేదో చూసి చెప్పగలిగేది ఆ తప్పు ఒకప్పుడు తాను చేసినవారే. టైప్ చేసే పని చౌకైతే సరిచూసే పనికి విలువ పెరుగుతుంది, సరిచూడటం రాయకుండా రాదు. అందుకే యంత్రాన్ని ల్యాబ్‌లోకి రానివ్వండి గానీ ఆలస్యంగా రానివ్వండి. మీ ప్రోగ్రామ్ ముందు రాయండి, నడపండి, ఆగిపోతే కనీసం అరగంట పెనుగులాడండి. అప్పుడు దానికి చూపించి తప్పెక్కడుందో అడగండి, సరిదిద్దిన కోడ్ అడగవద్దు. అది చెప్పిన కారణం నిజమో కాదో మళ్లీ నడిపి తేల్చుకోండి. నేరుగా జవాబు అడిగితే అది సీనియర్ రికార్డుకు మరో రూపం, అంతే.

మూడోది అభ్యంతరం అనలేం, కష్టం. దూరం, డబ్బు, ఇంగ్లీషు. నగరం నడిబొడ్డు నుంచి 2018లో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చినా, అక్కడి నుంచి బాటసింగారం దాకా బస్సులో పోయిరావాలి. రోజులో రెండు మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. ఇంటికి చేరి రాత్రి కూర్చుంటామనుకునే ప్రణాళిక వారానికి మించి నిలవదు. ల్యాబ్ గంటల మీద ఇంతగా పట్టుబట్టడానికి అదీ ఒక కారణం. అవి కాలేజీలోనే, పగటిపూటే, ముందే కేటాయించి ఉన్నాయి. బస్సులో చేయాల్సింది కాగితం మీద బాణాలు గీయడం, నిన్నటి తప్పు గురించి ఆలోచించడం. ల్యాప్‌టాప్ లేనివారు అప్పు చేసి కొత్తది కొనకండి. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద లినక్స్ వేసుకుంటే బీటెక్ ల్యాబులన్నీ దాదాపుగా నడుస్తాయి. అదీ కుదరకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ యాప్ పెట్టుకుని సి, పైథాన్ ప్రోగ్రాములు నడపవచ్చు. వేళ్లు నొప్పి పుడతాయి గానీ పని జరుగుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషుతో ఇబ్బంది పడేవారు సిగ్గుపడాల్సిన పనే లేదు. 2021లో ఏఐసీటీఈయే తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ చెప్పడానికి అనుమతి ఇచ్చింది. ముందు తెలుగులో అర్థం చేసుకుని తెలుగులోనే ఒకరికొకరు చెప్పుకోండి. ఇంగ్లీషు మాత్రం ఎర్రర్ మెసేజ్‌లతో మొదలుపెట్టండి. కంపైలర్ ఇచ్చే ప్రతి ఎర్రర్‌ను మూసేసే ముందు పూర్తిగా చదివి, ఏమంటోందో పక్కవారికి తెలుగులో చెప్పండి. ఒక సెమిస్టర్‌లో మీ ఇంగ్లీషూ మెరుగవుతుంది, మీ ప్రోగ్రాములూ మెరుగవుతాయి.

ల్యాబ్ గంటలను ఇలా వాడుకోవడం ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే నిలబడుతుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. ఆ సంస్థతో కలిసి నడిచినవారిలో ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు చాలామంది ఉన్నారు. కాలేజీల్లో లినక్స్ యూజర్ గ్రూపులు పెట్టుకుని వాళ్లు నేర్చుకున్నది సిలబస్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠాన్నే, నిజమైన పని మీద. అలాంటి గ్రూపు మీ కాలేజీలో లేకపోతే ముగ్గురితో పెట్టవచ్చు. దానికి ప్రిన్సిపాల్ అనుమతి అక్కర్లేదు, ఖాళీ ల్యాబ్ ఒకటి చాలు. ల్యాబ్ అసిస్టెంటుతో మర్యాదగా మాట్లాడితే ఆ తాళాలు సాయంత్రం బస్సు కదిలే దాకా తెరిచే ఉంటాయి.

ఇది చదువుతున్నవారిలో ఇప్పటికే మూడో ఏడాదిలో ఉన్నవారు, మొదటి రెండేళ్ల గంటలు రికార్డుల్లో పోయినవారు ఎక్కువమందే ఉంటారు. మీకు క్రమం వేరు. వెబ్ డెవలప్‌మెంట్, మెషిన్ లెర్నింగ్ ఏదీ మొదలుపెట్టకండి. రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్ రికార్డు తీసి, అందులోని ప్రోగ్రాములను వారానికి రెండు చొప్పున రికార్డు మూసి మళ్లీ రాయండి. రాయలేనివాటి పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టి, వాటిని ముందుగా పూర్తి చేయండి. అది ముగిసేసరికి సెమిస్టర్ గడిచిపోతుంది. తర్వాతి సెమిస్టర్‌లో డీబీఎంఎస్, దానితోపాటు మార్కెట్ ప్రాజెక్టు. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ప్రాసెస్‌లు, థ్రెడ్లు, మెమరీ వరకు చూసుకుంటే చాలు, మిగతాది ఇంటర్వ్యూకు ముందు చదువుకోవచ్చు. నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్‌లో ఆఫ్‌క్యాంపస్ పరీక్షల దరఖాస్తులు మొదలవుతాయి. అప్పటికి మీ చేతిలో సొంతంగా రాసిన ముప్పై నలభై ప్రోగ్రాములు, ఒక పనిచేసే డేటాబేస్ ఉండాలి. వాటిని గిట్‌హబ్‌లో, ఏ తేదీన ఏ తప్పు దిద్దారో కనిపించేలా పెట్టండి.